రెండో మీట

బాలినా,
మే నెల, గురువారం మధ్యాహ్నం

మా రోషీనక్కకి,

ఫోనులో నా గొంతు నీకు రేకుడబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినిపిస్తోందన్నావు కనుక కాగితం తీశాను. నీ చెవులు బాగున్నా ఈ సంగతి ఫోనులో చెప్పేదాన్ని కాదులే. సగంలో గొంతు పెరిగిపోతుంది, మాలకీ వింటాడు. వింటే విననీ అనిపిస్తోంది గానీ, ముందు నీతో చెప్పుకోవాలి.

మా ఇంటి తంతు నీకు కొత్త కాదు. నీళ్ళు కాగాలంటే ఇల్లంతా కాగాలి. కిరసనాయిలు బాయిలర్ వెలిగిస్తే కింద వంటింటి నుంచి పైన పడగ్గది దాకా ప్రతి రేడియేటరూ సెగలు కక్కుతుంది. నువ్వొచ్చిన జూన్‌లో తడి తువ్వాలు మెడకి చుట్టుకుని మెట్ల మీద కూలబడి, "ఇది ఇల్లా, రొట్టెలు కాల్చే పొయ్యా?" అన్నావు చూడు, అదీ మా బతుకు. టాంకులో ఇమ్మర్షన్ అనే కరెంటు కడ్డీ ఉండేది గానీ దాన్ని ముట్టుకోనిస్తేగా! మా పెళ్ళి ఫొటో తీసేటప్పుడు కూడా నా చెవిలో "ఇమ్మర్షన్ ఆపావా?" అని అడిగిన మనిషి మాలకీ. అత్తయ్య మా ఇంటికి వచ్చిన ఏడాదే ఆ కడ్డీ కాలిపోయింది, మళ్ళీ వేయించలేదు.

పాత ఇళ్ళల్లో రేడియేటర్లనీ నీళ్ళనీ వేరువేరుగా నడిపే ఏర్పాటు చేసుకుంటే ప్రభుత్వం ఖర్చులో కొంత భరిస్తుందని చర్చి బయట కాగితం అంటించారు. ఇంటికొచ్చి చెబితే మాలకీ పేపరు లోంచి తల ఎత్తకుండా, "ఇప్పుడెందుకే? అమ్మ కూడా లేదుగా" అన్నాడు. "నేనున్నానుగా" అన్నాను. కొలమన్ అని ఆ పని చేసే మనిషికి నేనే ఫోను చేశాను. ఇవాళ పొద్దున్న వచ్చాడు. నలభై దాటి ఉంటాయి, గుమ్మంలోనే బూట్లు విప్పేసే మర్యాదస్తుడు. పైన నీళ్ళ టాంకు ఉండే అల్మారా తెరిచి, తువ్వాళ్ళూ దుప్పట్లూ నా చేతికిచ్చి, టాంకు వెనక చెక్క ఊడదీసి, లోపలికి తల దూర్చాడు.

"ఊనా గారూ, అయిపోయిన పనికి మళ్ళీ నన్నెందుకు పిలిచారండీ?" అన్నాడు.

"అయిపోవడమేంటి?"

"ఇవిగో, వాల్వులు రెండూ ఉన్నాయి. ఇది నీళ్ళది, ఇది రేడియేటర్లది. ఎవరో శుభ్రంగా బిగించారు. కానీ రేడియేటర్ల వాల్వుకి ఉన్న ఈ చిన్న చువ్వని చూడండి, ఎప్పుడూ తెరిచే ఉండేలా నొక్కి గాడిలో ఇరికించేశారు. వైరు కూడా కత్తిరించారు."

"దానంతటది అలా పడిపోయిందేమో."

"పడదండీ. వేలితో నొక్కి, పక్కకి జరిపితే తప్ప అక్కడ నిలవదు. వైరు చివర టేపు కూడా చుట్టారుగా."

నేను వంగి చూశాను. ఆకుపచ్చ టేపు. మాలకీ తన గాలం కర్రల పిడికి చుట్టుకునే టేపు అక్కా. ఈ ఊళ్ళో సాల్మన్ చేపలు పట్టే వాళ్ళందరూ నల్లది చుడతారు, ఇతనొక్కడే ఆకుపచ్చది చుడతాడు, కర్ర ఎవరూ ఎత్తుకుపోకుండా.

"పైపులు కాంక్రీటులో పోయాయట, విడదీయడం కుదరదని చెప్పారే మాకు" అన్నాను.

"ఎవరండీ చెప్పింది?"

జవాబు చెప్పవలసినవాడు టీ కప్పులు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అతని మొహం చూశాక ఇంకొకరిని అనుమానించే పని లేకపోయింది. ఆ కప్పులు మెట్టు మీద పెట్టి, "మరైతే సరి చేసెయ్యి" అని కొలమన్‌తో అని, పెరట్లో షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

వంటింటి గోడ మీద టైము పెట్టే తెల్ల డబ్బా గుర్తుందా నీకు? దానికి రెండు మీటలు. ఒకటి వేస్తే అన్నీ వెలిగేవి. రెండోది దేనికని అడిగితే, "అది ఉత్తదే. డబ్బాలన్నీ ఒకే అచ్చులో పోస్తారు కదా, అలా వచ్చింది" అన్నాడు. ఇన్నేళ్ళూ వారం వారం దాని మీద దుమ్ము తుడిచాను, వెర్రిదాన్ని.

అత్తయ్యకి పక్షవాతం వచ్చి ఆవిడని పొలం ఇంటి నుంచి ఇక్కడికి తెచ్చే ముందు, నీ చెవి ఆపరేషనుకని నేను నీ దగ్గరే ఉన్నాను. వెళ్ళేటప్పుడు ఒక్కటే అడిగాను. "ఆవిడకి రోజూ స్నానాలూ, పక్క బట్టలూ ఉంటాయి, నీళ్ళు విడిగా కాగే ఏర్పాటు చేయించు" అని. తిరిగొచ్చాక కుదరలేదన్నాడు. అప్పుడు పని చేసిన అతని స్నేహితుడు ఆ ఏడే పెర్త్ వెళ్ళిపోయాడు, కనుక్కోవడానికి లేదు. కనుక్కోవాలని మాత్రం నాకెందుకు తోస్తుంది? మొగుడు చెప్పాక.

ఆ తొమ్మిదేళ్ళూ నాకు ఎలాంటివో నీకు తెలుసు. ముట్లు ఆగి ఒంట్లో ఆవిర్లు మొదలైన వయసు. నిలబడ్డచోటే మెడ నుంచి మంట లేచి చెవుల దాకా పాకేది. దాని మీద ఈ రేడియేటర్లు. తలుపేసిన స్నానాల గదిలో ఆవిణ్ణి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, వీపు రుద్ది, ఎత్తి తుడిచి, బయటికొచ్చేసరికి కళ్ళు బైర్లు కమ్మేవి. హోటల్లో పిండివంటల పని మానేసింది అందుకే కదా, రెండు చోట్ల నిలబడే ఓపిక లేక. ఒకసారి పెరట్లో బట్టల తీగ కింద వానలో నిలబడి, బ్లౌజు గుండీలు విప్పుకుని, మొహం పైకెత్తి వాన తాగాను. తల తిప్పితే వంటింటి కిటికీలో మాలకీ, చేతిలో కప్పుతో. "లోపలికి రా, జలుబు చేస్తుంది" అన్నాడు.

అప్పుడు అతనికి తెలుసు అక్కా. పైకి రెండడుగులు వేసి, ఆ చువ్వని వేలితో ఇటు జరిపితే చాలని అతనికి తెలుసు.

నీ
ఊనా


బాలినా,
ఆదివారం

అక్కా,

నిన్న అడిగాను. అప్పటిదాకా అతను షెడ్డుకీ నదికీ మధ్య తిరుగుతూ భోజనానికి మాత్రం వచ్చి, బంగాళాదుంపలు తిని, పళ్ళెం కడిగి పోతున్నాడు. నిన్న పళ్ళెం నేను పెట్టలేదు. ఖాళీ బల్ల ముందు కూర్చోబెట్టాను.

"ఎవరు చేశారు?"

"నేనే."

"ఎందుకు?"

బల్ల మీద లేని ముక్కలని వేలితో ఏరుతూ కూర్చున్నాడు. చివరికి, "అమ్మకి చలి" అన్నాడు.

"చలైతే నాతో చెబితే సరిపోయేదిగా? నేనేమన్నా వద్దనేదాన్నా?"

"నీతో చెప్పొద్దంది."

"ఎవరు?"

"అమ్మే. 'ఊనాని వెచ్చదనం అడిగే మొహం నాకు లేదురా, నువ్వే ఏదో ఒకటి చూడు' అంది. నేను మాటిచ్చాను."

ఆ మాట విన్నాక నేను ఇంకేమీ అడగలేకపోయాను. ఎందుకో నీకు తెలుసు. మాలకీ నన్ను మొట్టమొదట ఆ పొలం ఇంటికి తీసుకెళ్ళిన జనవరిలో ఆవిడ నన్ను ముందుగదిలో కూర్చోబెట్టింది. పొయ్యిలో బొగ్గులు పేర్చి ఉన్నాయి, పక్కనే అగ్గిపెట్టె ఉంది, వెలిగించలేదు. కోటు విప్పమని కూడా అనలేదు. నేను మాట్లాడితే నోట్లోంచి పొగ వచ్చింది. పల్లెటూరి రైతు ఇంటికి పట్నం హోటల్లో పనిచేసే పిల్ల కోడలిగా రావడం ఆవిడకి ఇష్టం లేదు, ఆ సంగతి నాకు అలా చెప్పింది. తర్వాత ఇద్దరం దాని గురించి ఎప్పుడూ ఎత్తలేదు. అయినా నేను మర్చిపోలేదని ఆవిడకి తెలుసనుకుంటాను.

కానీ అది పాత కథ కదా. పిల్లలు కలగని ఇంట్లో తొమ్మిదేళ్ళు ఆవిడ నా చేతుల్లో ఉంది. పక్షవాతంతో పోయిన మాటల్లో తిరిగి వచ్చిన మొదటి మాట నా పేరు. అది కూడా సరిగ్గా కాదు, "నూనా" అని. పళ్ళు లేని నోటితో నవ్వేది. జుట్టు దువ్వుతుంటే నా మణికట్టు పట్టుకుని అలాగే కళ్ళు మూసుకునేది. మన అమ్మ కూడా నన్ను అలా పట్టుకోలేదు. ఆవిడ పోయినప్పుడు నేను ఏడ్చినట్టు మాలకీ ఏడవలేదు, నువ్వే చూశావు. అలాంటి మనిషికి నన్ను ఒక దుప్పటి, ఒక వెచ్చటి గది అడగడానికి మొహం చెల్లలేదట. నేను వీపు రుద్దుతూ ఉండగా, పైపైన నవ్వుతూ, లోపల నన్ను ఆ జనవరి పిల్లలాగే చూస్తూ ఉందన్నమాట. పగబట్టిన మనిషి చేతిలో పడ్డానని తొమ్మిదేళ్ళూ అనుకుంటూనే బతికిందన్నమాట.

మాలకీ అబద్ధం ఒకెత్తు. ఇది ఇంకొకెత్తు. అతని మీద కోపం వస్తోంది. ఆవిడ మీద కోపం రావడం లేదు, అదే బాధ. ఊరికే ఒంట్లోంచి ఏదో తీసేసినట్టుంది.

ఇవాళ ఆవిడ బూడిదరంగు ఉన్ని స్వెటరు, ఆవిడ పోయినప్పటినుంచి నేను పొద్దున పూట వేసుకుంటున్నదే, సంచిలో పెట్టి, చర్చి ఎదురుగా పాత బట్టలు అమ్మే ధర్మ దుకాణం గుమ్మంలో పెట్టి వచ్చాను. వెనక్కి చూడలేదు.

కొలమన్ పని ముగించాడు. ఇప్పుడు మా ఇల్లు మూడు ముక్కలు: మేడ, కింద, నీళ్ళు. దేనికదే. అన్నీ నా ఫోనులోంచే నడుస్తాయి, మాలకీ ఫోనులో పెట్టనివ్వలేదు. నేను కింద అత్తయ్య గదిలోకి మారిపోయాను. మేడకి వేడి ఆపేశాను.

వచ్చే నెల నీ దగ్గరికి వచ్చేస్తాను అక్కా. ఈసారి చూడ్డానికి కాదు, ఉండడానికి. నీ మేడగది ఖాళీగా ఉందన్నావు కదా. మాలకీకి ఇంకా చెప్పలేదు.

ఊనా


బాలినా,
జూన్ మొదటి వారం

రోషీనక్కా,

నీ ఉత్తరం అందింది. "పక్క పరిచి ఉంచాను, వచ్చేటప్పుడు అప్పడాల కర్ర తెచ్చుకో, దారిలో మాలకీ ఎదురుపడితే పనికొస్తుంది" అని రాశావు చూడు, చాలా రోజుల తర్వాత నవ్వాను. మా హోటల్లో పిండి వత్తిన కర్ర ఇంకా నా దగ్గరే ఉంది. గట్టిది.

ఈ ఏడు జూన్ వచ్చినా ఎండ రాలేదు. సముద్రం మీంచి గాలీ వానా. మేడ మీద శవాల గదిలా ఉంది. మాలకీ టోపీ పెట్టుకుని, మేజోళ్ళు రెండు జతలు తొడుక్కుని పడుకుంటున్నాడు. నిన్న పక్క బట్టలు మార్చడానికి వెళ్తే దుప్పటి కింద అతని వానకోటు దొరికింది. పొద్దున్న ముక్కు ఎర్రగా చేసుకుని దిగి వస్తాడు.

పక్కింటి నెల్ అడిగింది, "మీ ఆయనేంటే, ఇంట్లో కూడా మఫ్లరు తియ్యడం లేదు?" అని. "చలికాలం చేపల వేటకి అలవాటు పడుతున్నాడు" అన్నాను. నాకే సిగ్గేసింది.

అడిగితే ఇస్తానేమో. అడగడు. అడగకుండా ఉండడం వాళ్ళ వంశంలోనే ఉందనిపిస్తోంది.

నీ దగ్గరికి వస్తున్నానని శుక్రవారం చెప్పాను. "ఎన్నాళ్ళు?" అన్నాడు. "చూస్తాను" అన్నాను. తల ఊపి, బూట్లకి మైనం రాసుకుంటూ కూర్చున్నాడు. రాసిన బూటుకే మళ్ళీ మళ్ళీ రాశాడు. నేను చూడనట్టు ఉన్నాను.

నీ ఊనా


బాలినా,
శనివారం

అక్కా,

ఇది పొడుగు ఉత్తరం. కళ్ళజోడు పెట్టుకుని, టీ పెట్టుకుని చదువు.

ఊరికి వెళ్ళే ముందు జుట్టు కత్తిరించుకుందామని నిన్న పొద్దున్న పాట్రిషా దుకాణానికి వెళ్ళాను. పక్క కుర్చీలో తలకి రంగు పట్టించుకుని బ్రీజ్ కూర్చుని ఉంది. బ్రీజ్ అంటే గుర్తొచ్చిందా? అత్తయ్య ఉన్నప్పుడు వారానికి రెండు రోజులు ఆరోగ్య కేంద్రం వాళ్ళు పంపితే వచ్చి, నాకు చేతిసాయం చేసే ఆవిడ. గొంతు ఊరంతా వినిపిస్తుంది. నన్ను చూడగానే, "ఏమే ఊనా, ఆ కొలిమిలో ఎట్టకేలకి చన్నీళ్ళు పోశావటగా! కొలమన్ చెప్పాడు" అని అరిచింది.

"అవును, బ్రీజ్" అన్నాను. ఊరుకుంటే బాగుండేది, ఊరుకోలేకపోయాను. "పెద్దావిడకి చలెక్కువ కదా, అందుకే ఇన్నాళ్ళూ అలా ఉంచాం."

"చలా? ఎవరికి? మీ అత్త ఫిలమీనాకా?" కుర్చీ ఇటు తిప్పేసింది, రంగు చుక్కలు నేల మీద పడ్డాయి. "ఆవిడకి చలేంటే? మీ ఆయన పాల లారీ వీధి మలుపు తిరగడం ఆలస్యం, చేతికర్రతో కిటికీ గడియ పొడిచి తెరిచేది! 'వీడు నన్ను నరకంలో దయ్యాలకి పని లేకుండా ఇక్కడే వేయించేస్తాడు బ్రీజ్' అనేది. మాట ముద్దగా వచ్చినా తిట్లు మాత్రం స్పష్టంగా వచ్చేవి."

కిటికీ తెరిచి ఉండడం నేనూ చూశాను అక్కా, కొట్టుకి వెళ్ళి వచ్చినప్పుడల్లా. బ్రీజ్ తెరిచిందనుకునేదాన్ని.

"నాతో ఎప్పుడూ అనలేదే" అన్నాను.

"నీతో అంటుందా? నీకేం తక్కువ బాధలని? ఓ రోజు నువ్వు స్నానం చేయించి బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డావు, మొహం బీట్‌రూట్ దుంపలా ఎర్రగా ఉంది. అప్పుడు మాలకీని పిలిచి, నా ముందే, 'ఒరే, ఆ పిల్ల కరిగిపోతోంది, ఆ మంట ఆర్పరా' అంది. 'కుదరదమ్మా, పైపులు అలా ఉన్నాయి' అన్నాడు. 'అయితే పైపులు మార్చరా, గాడిదా' అంది. ఒక్కసారా? నేను విన్నవే చాలా సార్లు."

నేను కుర్చీలోంచి లేచాను. పాట్రిషా, "ఊనా, ఒక పక్కే కత్తిరించాను!" అంటోంది. ఆ సగం జుట్టుతోనే రోడ్డు దాటి ధర్మ దుకాణానికి వెళ్ళాను. బూడిదరంగు స్వెటరు, మోచేతి దగ్గర రఫ్ఫు చేసినది, ఉందా అని అడిగాను. పెట్టిన మర్నాడే ఎవరో కొనుక్కుపోయారట. ఊరివాళ్ళు కాదు, కారవాన్ బండిలో వచ్చిన పర్యాటకులు. దుకాణంలో అమ్మాయి పాపం ఇంకో స్వెటరు తెచ్చి చూపించింది. వద్దన్నాను.

అక్కడినుంచి నదికి వెళ్ళాను. మాలకీ వంతెన కింద ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి ఉన్నాడు, మోకాళ్ళ దాకా నీళ్ళలో. గట్టు మీంచి పిలిచాను. నా జుట్టు చూసి ముందు భయపడ్డాడు.

"ఏమైంది? ఎవరైనా పోయారా?"

"పోయినావిడ గురించే. బయటికి రా."

వచ్చాడు. నేను బ్రీజ్ చెప్పినదంతా చెప్పాను. వింటూ గాలం దారం చుట్టుకుంటూ పోయాడు, దారం అయిపోయినా చుడుతూనే ఉన్నాడు.

"అమ్మ చెప్పిందన్నావు."

"అన్నాను."

"చెప్పలేదు."

"లేదు."

"చచ్చిపోయిన మనిషి నోట్లో ఆ మాట ఎలా పెట్టావు మాలకీ?"

"ఆవిడ ఎలాగూ కాదనదు కదా" అన్నాడు. అంత మెల్లిగా, అంత సూటిగా చెప్పాడు, ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక అప్పడాల కర్ర లేకపోవడం మంచిదయింది.

"ఆవిడ నన్ను నమ్మలేదనుకుని నేను ఏమయ్యానో నీకు తెలుసా? ఆవిడ స్వెటరు పరాయివాళ్ళకి ఇచ్చేశాను. ఆవిడ మాట్లాడింది నా తరఫున. నిన్ను గాడిదా అని తిట్టింది నాకోసం. అది నాకు దక్కకుండా చేశావు."

గట్టు మీద కూర్చుండిపోయాడు. బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను నిలబడే ఉన్నాను. అప్పుడు చెప్పాడు అక్కా, నేను అడగకుండానే. నాకు తెలిసి అతను అడక్కుండా చెప్పిన సంగతి ఇదొక్కటే.

అతను పాల లారీ నడిపే రోజుల్లో ఇంటికి వచ్చేటప్పుడు అత్తయ్య గేటు ముందు నుంచే రావాలి. రోజూ పొగగొట్టం కేసి చూసేవాడట. పొగ కనిపిస్తే హారను కొట్టి వచ్చేసేవాడు. ఆవిడకి పక్షవాతం వచ్చింది తను వెళ్ళి చూసిన పొద్దున్నే అని మనందరికీ చెప్పాడు కదా. కాదు.

"ఆ సాయంత్రం పొగ లేదు" అన్నాడు. "చూశాను. పెందలాడే పడుకుందేమోలే అనుకున్నాను." మళ్ళీ తనే, "కాదు, అలా అనుకోలేదు. వాన పడుతోంది. గేటు తీయాలి, మళ్ళీ వెయ్యాలి, బురద. దిగడానికి బద్ధకం వేసింది. అంతే" అన్నాడు.

"తెల్లారి వెళ్తే వంటింటి నేల మీద పడి ఉంది. పొయ్యి ముందే. చెయ్యి పట్టుకుంటే చేపని పట్టుకున్నట్టుంది ఊనా. రోజూ పట్టుకుంటానుగా, నాకు తెలుసు ఆ చలి. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసింది. నా హారను కోసం ఎదురుచూసే ఉంటుంది రాత్రంతా."

గాలం కర్ర గడ్డి మీద పెట్టాడు.

"ఇంటికి తెచ్చాక ఎప్పుడైనా రేడియేటరు చల్లగా తగిలితే నాకు ఆ చెయ్యే గుర్తొచ్చేది. ఆ పెర్త్ వెళ్ళినవాడు నువ్వన్నట్టే విడదీసి బిగించి వెళ్ళాడు. నువ్వు ఎండ రాగానే ఆపేస్తావని నాకు భయం. ఆపొద్దంటే ఎందుకో చెప్పాలి. చెప్పలేక వైరు కోసేశాను."

"వానలో నిలబడ్డప్పుడు చూశావు నన్ను."

"చూశాను."

"అప్పుడు కూడానా?"

"ఆ రోజు మేడ మీదికి వెళ్ళాను. అల్మారా తెరిచాను కూడా. చెయ్యి పెట్టలేకపోయాను."

అక్కా, నువ్వైతే ఏం చేసేదానివో తెలీదు. నాకు జాలి వేసింది. కానీ జాలి వచ్చిందని కోపం పోలేదు. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. నేను ఒకటే అన్నాను: "ఈ మాట నాకు ఆ రోజే చెప్పి ఉంటే, ఆవిడ వెచ్చగా ఉండడానికి ఇంట్లో కుర్చీలు కూడా పొయ్యిలో పెట్టేదాన్ని. నాకు చెప్పకుండా నువ్వు నన్నే పొయ్యిలో పెట్టావు."

ఇద్దరం ఇంటికి నడిచాం. దారిలో ఎదురైన వాళ్ళు నా సగం జుట్టుని చూసి మాకు ఏమైందోనని తప్పుకున్నారు. గుమ్మంలో బూట్లు విప్పుతూ అతను, తల ఎత్తకుండా, "పైన కాస్త వేడి ఇస్తావా? చాలా చలిగా ఉంటోంది" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో అతను నన్ను నోరు తెరిచి అడిగిన మొదటిది అనిపించింది. ఫోను తీసి మేడకి వేడి వేశాను. వేడే ఇచ్చాను. నేను పడుకునేది కిందే, అది కూడా చెప్పాను. సరేనన్నాడు.

ఇవాళ పొద్దున్న అతను బ్రీజ్ ఇంటికి వెళ్ళి, అసలు సంగతి చెప్పి వచ్చాడు. నేను వెళ్ళమనలేదు. తన అమ్మకి చలని ఊళ్ళో ఎవరూ అనుకోకూడదన్నాడు. బ్రీజ్ నోట్లో పడ్డాక ఊరందరికీ తెలిసినట్టే, అది అతనికీ తెలుసు. తిరిగొచ్చి రెండు టీలు పెట్టి, నాది బల్ల మీద ఉంచి, తనది పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు.

సోమవారం బస్సుకి వస్తున్నాను. ఉండిపోతానని రాశాను కదా, ఇప్పుడు అంత గట్టిగా రాయలేను. తిరిగి వచ్చేస్తానని కూడా రాయలేను. ముందు నీ మేడగదిలో పడుకుని, నీ కోళ్ళ గోల విని, ఎవరి ఒళ్ళూ తుడవకుండా ఒక నెల గడపాలి. తర్వాత సంగతి తర్వాత.

మధ్యాహ్నం నీళ్ళ వరకే వేడి పెట్టి స్నానం చేశాను. రేడియేటర్లు చల్లగా ఉన్నాయి. కిటికీ బయట వాన. తొట్టి నిండా వేడినీళ్ళు పోసుకుని, మెడ దాకా మునిగి, చల్లటి గాలి మొహానికి తగులుతుంటే పడుకున్నాను. ఇంత చిన్న సుఖం అక్కా. హాయిగా ఉండాల్సింది. ఆ చల్లటి గదిలో, ఇలాంటి నీళ్ళలో ఆవిడకి ఒక్కసారి కూడా వీపు రుద్దలేకపోయానే అని తలుచుకున్నాను, అంతే, తొట్టి అంచు పట్టుకుని ఏడుపు. ఆవిడ పోయినప్పుడు ఏడ్చిన ఏడుపు కాదు. అప్పుడు ఆవిడ నాకు ఏమవుతుందో నాకు సగమే తెలుసు.

బయట మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది. తర్వాత తలుపు అవతల నుంచి మాలకీ, "సబ్బు ఉందా?" అని అడిగాడు.

అతను వెళ్ళలేదు. నీళ్ళు చల్లారడం మొదలుపెట్టాక, "ఉంది" అన్నాను.

సోమవారం బస్సు దగ్గరికి రా అక్కా. సగం జుట్టు కత్తిరించిన మనిషి దిగితే అది నేనే.

నీ చెల్లెలు
ఊనా